పాడుచేసుకోవడానికి ఒక ఓఎస్

తాండవకి ఇటు పాయకరావుపేట, అటు తుని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక వంతెనకి ఈ కొస అనకాపల్లి జిల్లా, ఆ కొస కాకినాడ జిల్లా అయింది. కాయితం మీద ఎలా ఉన్నా, రైలెక్కాలన్నా లాప్‌టాప్ బాగుచేయించాలన్నా మనం వంతెన దాటడం మామూలే. లాప్‌టాప్‌కి ఎక్కడైనా దొరికే వైద్యం మాత్రం ఒకటే: ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించడం. జ్వరమైనా, కాలు విరిగినా అదే మాత్ర.

మా వీధిలో డిప్లొమా రెండో ఏడు చదివే కుర్రాడొకడు అలాంటి లాప్‌టాప్‌ని చంకన పెట్టుకుని వచ్చాడు. వాళ్లక్క చదువయ్యాక వదిలేసిన మెషీను. నాలుగు జీబీ ర్యామ్, గిర్రుమని తిరిగే పాత హార్డ్ డిస్కు, గంటకి మించి నిలవని బ్యాటరీ.

"మావయ్యా, దీన్లో ఏదో ఒక లినక్స్ వేసి పెడతారా? సరదాకి ప్రోగ్రాములు రాసుకుందావని."

"ఏదో ఒకటంటే ఏది?"

"అదే తెలీట్లేదండి. యూట్యూబులో ఒకాయన ఉబుంటు అంటాడు, ఇంకొకాయన ఆర్చ్ అంటాడు. మా ఫ్రెండేమో కాలీ వేసుకోమన్నాడు."

ఇలా అడిగేవాళ్లు ఏడాదికి నలుగురైదుగురు తగులుతారు. అందుకే ఈ ప్రశ్నని మొత్తంగా ఒకసారి తిరగేసి చూద్దామనిపించింది. వీడియోల్లో ఓఎస్‌లని ఎక్కించిన రోజున కొలుస్తారు. వాల్‌పేపర్ ఎలా ఉంది, కిటికీలు ఎంత వయ్యారంగా తెరుచుకుంటున్నాయి అన్నదే లెక్క. సరదాకి ప్రోగ్రాములు రాసేవాడు మాత్రం ఏదో ఒక రోజు దాన్ని పాడుచేస్తాడు. పాడుచెయ్యకపోతే వాడు నేర్చుకుంటున్నట్టు కాదు. కాబట్టి నా కొలత వేరు. చెడిపోయిన రాత్రి, చేతిలో ఫోను డేటా తప్ప ఇంకేమీ లేనప్పుడు, పొద్దున్నకల్లా దాన్ని మళ్లీ లేపి నిలబెట్టగలమా లేదా అన్నదే చూస్తాను.

అసలు లినక్స్ పుట్టిందే సరదా ప్రోగ్రామింగ్‌లో. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇరవయ్యొక్కేళ్ల లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తను రాస్తున్నదాని గురించి లోకానికి చెప్పినప్పుడు అది తన హాబీయేనని చెప్పుకున్నాడు. మన దేశంలో అది మొదట పత్రికల వెంట వచ్చింది. పీసీక్వెస్ట్ పత్రిక పీసీక్యూ లినక్స్ పేరుతో సీడీలిచ్చేది. 2004 అక్టోబరులో ఉబుంటు వచ్చాక ఇంకో విచిత్రం జరిగింది. అడ్రసు రాసి పంపితే చాలు, పైసా అడక్కుండా సీడీలు పోస్టులో ఇంటికొచ్చేవి. 2011లో ఆ పంపకం ఆపేశారు. నా మొదటి ఉబుంటు అలా పోస్ట్‌మాన్ చేతి మీదుగా వచ్చినదే. డిస్కుని ఎలా వాడుకోమంటావని ఇన్‌స్టాలర్ అడిగితే, పైన ఉన్న వరుసే మంచిదనుకుని నొక్కేశాను. డిస్కు మొత్తం చెరిపి వాడుకోమన్న వరుస అది. మా చెల్లి పెళ్లి ఫొటోలు పోయాయి. ఇంట్లో పండక్కి అందరూ కలిసినప్పుడు ఆ మాట ఇప్పటికీ లేస్తుంది.

కాబట్టి ఏ ఓఎస్ అన్నదాని కంటే ముందు, ఏ మెషీను అన్నది తేల్చుకోవాలి. ఇంట్లో వాళ్ల ఫొటోలు, అక్క సర్టిఫికెట్లు ఉన్న లాప్‌టాప్‌లో సగం విండోస్, సగం లినక్స్ పెట్టే డ్యూయల్ బూట్ మొదటిసారికి వద్దంటాను. పోగొట్టుకునే భయంతో చెయ్యి కదలదు. పైగా చిన్న చిన్న చిరాకులు. లినక్స్ మెషీను గడియారాన్ని గ్రీన్‌విచ్ సమయంలో పెడుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయమనుకుని చదువుతుంది. పొద్దున్న పదింటికి విండోస్ తెరిస్తే నాలుగున్నర చూపిస్తుంది. ఆ అయిదున్నర గంటల తేడా ఎందుకొచ్చిందో తెలీక గడియారం బ్యాటరీ మార్పించినవాళ్లు నాకు తెలుసు. ఒక కమాండ్‌తో పోయేదానికి అంత తతంగం.

పాడైనా ఎవరూ ఏడవని మెషీను ఇప్పుడు దొరకడం కష్టమేం కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు కావాలి, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్ కావాలి. అలా బయట పడిపోయిన లాప్‌టాప్‌లు ప్రతి వీధిలో రెండున్నాయి. మా కుర్రాడిదీ ఆ బాపతే. అలాంటిదానికి డబ్బు పెట్టదలిస్తే ర్యామ్ కంటే ముందు హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడం మేలు. మెషీనుకి రెండో పుట్టుక లాంటిది.

ఇక డౌన్‌లోడ్. నగరంలో కూర్చుని వ్యాసాలు రాసేవాళ్లు దీన్ని పట్టించుకోరు గానీ, ఫోను హాట్‌స్పాట్ మీద బతికేవాడికి సగం నిర్ణయం ఇక్కడే జరిగిపోతుంది. ఉబుంటు 24.04 ఐఎస్‌ఓ ఫైలు ఆరు జీబీకి దగ్గర. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకేజీ ఉన్నవాడికి అది నాలుగు రోజుల రేషను. లినక్స్ మింట్ మూడు జీబీ లోపు. ఫెడోరా రెండు జీబీ పైచిలుకు. డెబియన్ నెట్‌వర్క్ ఇన్‌స్టాలర్ ఒక జీబీ కూడా ఉండదు, మిగతాది ఎక్కించేటప్పుడు కావలసినంతే దింపుకుంటుంది. మా కుర్రాడు రాత్రి పదకొండింటికి మింట్ డౌన్‌లోడ్ మొదలుపెట్టి ఆ రోజు డేటా అంతా ఖర్చుచేసి, పన్నెండు దాటగానే కొత్త రోజు డేటాతో మిగతాది లాగేశాడు. లెక్క సరిగ్గా సరిపోయిందని తెల్లారి చెప్పినప్పుడు వాడి మొహం చూడాలి. దింపాక షా256 చెక్‌సమ్ సరిచూడమని పంపించాను. మధ్యలో తెగి అతికిన ఫైలు సగం ఇన్‌స్టాల్ అయ్యాక మొరాయిస్తే, నేర్చుకోవాలన్న హుషారు అక్కడే చస్తుంది.

పెద్ద చెట్టుతో మొదలుపెడదాం. డెబియన్‌ని 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. ఉబుంటు దాన్నుంచి వచ్చింది, మింట్ ఉబుంటు నుంచి. మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి బాస్ అనే ఓఎస్ కూడా డెబియన్ కొమ్మే. డెబియన్ స్థిరమైన విడుదల సుమారు రెండేళ్లకోసారి వస్తుంది, మధ్యలో పెద్దగా మారదు. ప్రోగ్రాములు పాత వెర్షన్లన్న ఫిర్యాదు ఒకటుంది. లూప్‌లు రాయడం నేర్చుకునేవాడికి పైతాన్ రెండేళ్లు పాతదైతే వచ్చే నష్టం నాకు కనపడలేదు. ఒకప్పుడు అసలు నష్టం వైఫైతో ఉండేది. కంపెనీలు సోర్సు ఇవ్వని ఫర్మ్‌వేర్‌ని డెబియన్ తన ఇన్‌స్టాలర్‌లో పెట్టేది కాదు. ఇన్‌స్టాల్ చెయ్యాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదన్న సామెతే. 2022లో డెవలపర్లు ఓటు వేసుకుని మెట్టు దిగారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. అప్పటికీ వైఫై రాకపోతే ఫోనుని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ పెట్టండి. దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. ఈ ఒక్క చిట్కా తెలీక వెనక్కి వెళ్లిపోయినవాళ్లు బోలెడుమంది.

డెబియన్ కుటుంబం గురించి ఎవరూ చెప్పని గొప్పతనం ఇంకోటుంది. 60 వేలకి పైగా ప్యాకేజీల్లో మాన్యువళ్లూ ఉన్నాయి. పైతాన్ పూర్తి డాక్యుమెంటేషన్, సీ ఫంక్షన్ల మ్యాన్ పేజీలు ఒక్కసారి దింపి పెట్టుకుంటే డేటా అయిపోయిన రాత్రి కూడా చదువు ఆగదు. మనం రోజూ వాడే ఏ ప్రోగ్రాముదైనా సోర్సు ఒక్క కమాండ్‌తో మన ఫోల్డర్లోకి వచ్చి కూర్చుంటుంది. ఓపెన్ సోర్స్ అన్న మాటకి కుర్రాడి దృష్టిలో అర్థం వచ్చేది అప్పుడే.

ఉబుంటు మీద నాకు కృతజ్ఞత ఉంది గానీ ఈ మెషీన్లకి ఇప్పుడది బరువు. స్నాప్ ప్యాకేజీలు రోజుకి నాలుగుసార్లు అప్‌డేట్లున్నాయా అని వెతుక్కుని వాటంతటవే దించుకుంటాయి. ఆపే కమాండ్ ఉంది, కాకపోతే అది తెలిసేలోపు ఆ రోజు డేటా ఆవిరి. మింట్ స్నాప్ లేకుండా వస్తుంది, టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టుతో వస్తుంది. ఏదైనా గెలికే ముందు ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే, చెడ్డాక పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చు. నా కొలత ప్రకారం ఇంతకంటే పెద్ద సుగుణం లేదు. నాలుగు జీబీ ర్యామ్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న మింట్ హాయిగా నడుస్తుంది. రెండు జీబీయే ఉంటే నేరుగా డెబియన్. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న మరీ పాత మెషీనుకి దారులు మూసుకుపోతున్నాయి, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా దాని ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

ఫెడోరా చక్కటి ఓఎస్. కొత్త లాప్‌టాప్, ఇంట్లో ఫైబర్ నెట్ ఉన్నవాళ్లకి నిస్సంకోచంగా చెప్తాను. ఆరు నెలలకో విడుదల, ఒక్కోదానికి సుమారు పదమూడు నెలల సపోర్టు కాబట్టి ఏడాదికోసారైనా గిగాబైట్ల అప్‌గ్రేడ్ తప్పదు. ఆర్చ్‌ది ఇంకో దారి, విడుదలలే ఉండవు, రోజూ పారుతూ ఉంటుంది. పరీక్షలున్నాయని మూడు నెలలు పక్కన పెట్టి తర్వాత అప్‌డేట్ కొడితే ఏది పట్టు తప్పుతుందో చెప్పలేం. దాని వికీ మాత్రం అమూల్యం, ఏ లినక్స్ వాడేవాడైనా చదవాల్సిందే. జెంటూ, లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్‌ల దారి చాలావరకు మనమే కంపైల్ చేసుకోవడం. ఏప్రిల్ ఎండలో, కరెంటు కోతలో, గంట బ్యాటరీతో ఆ పని పెట్టుకునేవాడికి నా నమస్కారం.

కాలీ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. హ్యాకింగ్ అన్న మాటకున్న మోజుతో మన కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. అది సెక్యూరిటీ పరీక్షలు చేసేవాళ్ల పనిముట్ల పెట్టె. లినక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి తగదని దాని డాక్యుమెంటేషనే చెప్తుంది. వంట నేర్చుకుంటానని ఆపరేషన్ థియేటర్లో కత్తి అడిగినట్టుంటుంది. అదీ డెబియన్ పిల్లే కాబట్టి, ఆ పనిముట్లలో చాలావాటిని తర్వాత కావాలంటే డెబియన్‌లోనే వేసుకోవచ్చు.

ఎక్కించిన తర్వాత మొదటి సాయంత్రం జరిగేది మన ప్రాంతపు ప్రత్యేకత. ఎన్నో కాలేజీ ల్యాబుల్లో సీ భాష ఇంకా టర్బో సీ నీలం తెర మీదే నడుస్తోంది. 64 బిట్ విండోస్‌లో అది నేరుగా నడవదు గనక డాస్‌బాక్స్ ముసుగేసి నడుపుతారు. మా కుర్రాడు రికార్డు పుస్తకంలోని ప్రోగ్రాము కొట్టగానే జీసీసీ కంపైలర్ మొదటి వరుసలోనే ఆగిపోయింది. కోనియో హెడర్ లేదంది. అది తీసేస్తే క్లియర్ స్క్రీన్ తెలీదంది, గెట్ క్యారెక్టర్ ఫంక్షన్ ఎవరిదంది. "పాడైపోయిందా మావయ్యా?" అన్నాడు. పాడవలేదు, ఆ మూడూ సీ భాషవి కావు, టర్బో సీ తెచ్చిన బోర్లాండ్ వాళ్లు డాస్ కోసం ఇచ్చుకున్నవి. అవన్నీ తీసేశాక ప్రోగ్రాము నడిచింది. రికార్డులో ఎనిమిది ఫాక్టోరియల్ దగ్గర మైనస్ 25216 అని జవాబు ఉంది, పక్కన టిక్కు కూడా ఉంది. ఇక్కడ సరిగ్గా 40320 వచ్చింది. టర్బో సీలో పూర్ణాంకానికి రెండు బైట్లే, 32767 దాటితే తిరగబడుతుంది. ఇక్కడ నాలుగు బైట్లు. "అయితే ఇదెక్కడ తిరగబడుతుంది?" అని వాడే అడిగి, ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయి పదమూడు దగ్గర పట్టుకున్నాడు. 1932053504 అని చూపించింది. చూడ్డానికి పెద్దమనిషి తరహాలో ఉంది, మైనస్ గుర్తు కూడా లేదు, అయినా తప్పే. ఈ ఒక్క పూట కోసమైనా కుర్రాళ్లని నీలం తెర నుంచి బయటికి లాగాలి.

లినక్స్ ఒక్కటే కాదుగా అనేవాళ్ల కోసం రెండు మాటలు. ఫ్రీబీఎస్‌డీ 1993 నుంచి ఉంది, దాని హ్యాండ్‌బుక్ చదువుతుంటే ఒక్క చేత్తో కట్టిన ఇంట్లో తిరుగుతున్నట్టుంటుంది. లాప్‌టాప్ వైఫైల దగ్గర మాత్రం ఇబ్బంది పెడుతుంది, మొదటి ఓఎస్‌గా చెప్పలేను. నా రహస్య మక్కువ హైకూ మీద. బీఓఎస్ అనే పాత వ్యవస్థ చచ్చిపోతే దాని అభిమానులు 2001లో మళ్లీ మొదట్నించి రాయడం మొదలెట్టారు. మొదటి బీటా రావడానికి 2018 దాకా పట్టింది. అర జీబీ ర్యామ్ లోపే కళ్లు తెరుస్తుంది, కిటికీలూ బటన్లూ సీ ప్లస్ ప్లస్‌లో ఒకే పద్ధతిలో రాసుకోవచ్చు. రెండో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఆదివారాలు ఆడుకోవడానికి బాగుంటుంది. ఓఎస్ లోపల ఏం జరుగుతుందో చూడాలన్న దురద ఉన్నవాడికి ఎంఐటీ పాఠాల కోసం రాసిన ఎక్స్‌వీ6 చూపించాలి. లినక్స్ కెర్నల్ మూడు కోట్ల వరుసలు దాటిపోయింది, ఒక మనిషి జన్మకి చదవలేడు. ఎక్స్‌వీ6 పదివేలకి అటూఇటూగా ఉంటుంది, ఒక వేసవి చాలు. మెషీను మీద ఎక్కించక్కర్లేదు, మింట్‌లోనే క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్లో నడుస్తుంది. చెడగొట్టినా ఒక కిటికీ మూసేసినంత సులువు.

అసలు లాప్‌టాపే లేని పిల్లల సంగతేమిటి? ఆండ్రాయిడ్ ఫోనులో టర్మక్స్ పెట్టుకుంటే పైతాన్, సీ కంపైలర్, గిట్ అన్నీ వస్తాయి. ఎఫ్-డ్రాయిడ్ నుంచి దింపుకోవాలి. ఓటీజీ కేబుల్‌తో పాత కీబోర్డు తగిలిస్తే అది చిన్న లినక్స్ మెషీనే. కొత్త లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉండి, ఉద్యోగానికి అది ఉండాల్సిందే అన్నవాళ్లు దాని లోపలే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకోవచ్చు. అందులో కమాండ్లు వస్తాయి, బూట్ కష్టాలు రావు. బూట్ కష్టాల్లోనే సగం చదువుందని నా అనుమానం.

ఇక తెలుగు. 2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, తర్వాత బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చింది. 2007లో సీ-డాక్ చెన్నై వారి బాస్ వచ్చింది, తెలుగుతో సహా మన భాషల్లో మెనూలిచ్చింది. రెండూ గౌరవించదగ్గ పనులే. అయినా నా సిఫారసు జాబితాలో లేవు. కారణం మళ్లీ చెడిపోయిన రాత్రే. ఒక ఎర్రర్ వాక్యాన్ని వెతికితే మింట్‌కీ డెబియన్‌కీ వందల జవాబులు దొరుకుతాయి, వీటికి దొరకవు. కేరళలో కథ వేరుగా నడిచింది. అక్కడ బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే పాఠం, కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు మీద తన రూపం తయారుచేసి, టీచర్లకి శిక్షణ ఇస్తుంది. ఓఎస్ వెనక అడగడానికి మనిషి ఉన్నాడు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో స్వేచ్ఛ పెట్టించిన గ్లగ్ అనే లినక్స్ క్లబ్బులు ఉన్నచోట కొంత ఆ పని చేశాయి. పక్కన అలాంటి క్లబ్బుంటే వాళ్లేది వాడుతున్నారో అదే వేసుకోండి, పైన నేను చెప్పినదంతా పక్కన పెట్టినా ఫర్వాలేదు.

మెనూలు తెలుగులో లేకపోయినా తెలుగు రాసుకోవడానికి లోటులేదు. డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌కి 2011 నుంచే తెలుగు వచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు అందులో ప్యాకేజీగానే దొరుకుతాయి. ఐబస్ అనే టైపింగ్ పనిముట్టులో ఎం17ఎన్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ నుంచి ఆర్‌టీఎస్ దాకా కీబోర్డులన్నీ ఉన్నాయి. ఆర్‌టీఎస్‌లో మొదటి అక్షరం హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయానిది, అక్కడి తెలుగు విద్యార్థులు కట్టిన పద్ధతి అది. ఇబ్బందల్లా టెర్మినల్లోనే. గళ్ల కాయితం మీద గడికో అక్షరం చొప్పున రాసే పద్ధతి దానిది, మన వొత్తులూ గుణింతాలూ గడుల్లో ఇమడక పక్కకి జారిపోతాయి. ఇలాంటి తిప్పలు లినక్స్ బయటా ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో ఒక్క "జ్ఞా" వస్తే ఐఫోనులే కుప్పకూలాయి. ఆపిల్ సరిచేసేదాకా చూస్తూ కూర్చోవడం తప్ప వాడేవాళ్లకి గత్యంతరం లేకపోయింది.

మింట్ ఎక్కించిన రెండో వారంలో మా కుర్రాడికి అక్షరాలు లెక్కపెట్టే చిన్న కమాండ్ చూపించాను. ఊరి పేరు ఇచ్చాడు. పాయకరావుపేట. ఏడక్షరాలని వేళ్ల మీద లెక్కపెట్టుకుని మరీ కొట్టాడు. పన్నెండంది. బైట్లు అడిగితే ముప్పై నాలుగంది. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు వేరే సంఖ్య, కాబట్టి ఏడు కాస్తా పదకొండవుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడేసి బైట్లు, ముప్పై మూడు. మిగిలిన ఒకటీ ఎక్కడిదో నేను చెప్పలేదు. చీకటి పడే వేళకి వాడే వచ్చి, "వరుస చివర ఎంటర్‌ది మావయ్యా" అన్నాడు. ఆ కమాండ్ సోర్సు దింపుకుని చూశాడట, కొత్త వరుస గుర్తుని లెక్కపెట్టే చోటు కనపడిందట.

ఇప్పుడు సరిగ్గా ఏడు చూపించే ప్రోగ్రాము సొంతంగా రాస్తున్నాడు. గుణింతపు గుర్తుల్నీ పొల్లునీ వదిలేసి మిగతావి లెక్కపెట్టాడు, పాయకరావుపేటకి ఏడు వచ్చింది. తునికి రెండు వచ్చింది. అనకాపల్లికి అయిదు రావాల్సింది, ఆరు చూపిస్తోంది. కింద ఉన్న లావొత్తుని ఇంకో అక్షరమనుకుంటోంది. నిన్న రాత్రి పదకొండు దాటాక కూడా వాళ్ల డాబా మీద ఆ లాప్‌టాప్ వెలుగు కనిపించింది.